షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క మొరుగుడు ఆగట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

చిట్టి_ఇల్లు
షెల్టర్ నుంచి తెచ్చి 5 వారాలైంది. ఆడకుక్క, మూడేళ్లుంటాయన్నారు, 17 కిలోలు. మొదటి పది రోజులు నోరే విప్పలేదు, మంచం కిందే ఉండిపోయింది. ఇప్పుడు బెల్ మోగితే మొరుగుడు, మెట్ల మీద అడుగులు వినబడితే మొరుగుడు, నడకలో ఇంకో కుక్క కనబడితే మొరుగుడు. మేం తలుపేసి వెళ్తే మరీ ఎక్కువ. పక్కింటివాళ్లు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు. "నో" అని గట్టిగా అంటే ఇంకా పెంచుతోంది. మొరగ్గానే షాక్ ఇచ్చే కాలర్ కొనమని ఒకరు సలహా ఇచ్చారు. దాన్ని వెనక్కి పంపే ఆలోచన అస్సలు లేదు. ఏది ముందు, ఏది తర్వాత చెప్పండి.

గొలుసెందుకు
ముందు ఆ కాలర్ సంగతి: కొనకండి. షాక్ తగిలిన క్షణంలో అది ఎవర్ని చూస్తుందో వాళ్లకీ ఆ నొప్పికీ ముడిపెట్టుకుంటుంది. గుమ్మంలో పిల్లవాడు నిలబడి ఉంటే ఇక పిల్లలంటేనే భయం. మొరుగుడు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపలి భయం మాత్రం అలాగే ఉంటుంది. హెచ్చరించే నోరు నొక్కేస్తే మిగిలేది పళ్లే. నీళ్లో నిమ్మవాసనో చిమ్మే కాలర్లదీ ఇదే దారి. అమెరికాలో పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటనలో కూడా ఏ కుక్కకైనా, ఏ సమస్యకైనా బహుమతితో నేర్పే పద్ధతే వాడమని చెప్పింది.

నిదానంగా
పది రోజులు నోరు విప్పకపోవడం బుద్ధిమంతురాలై కాదు, బిగుసుకుపోయి. ఇప్పుడు మొరుగుతోందంటే ఈ ఇంట్లో నోరు తెరవొచ్చని దానికి నమ్మకం కుదిరింది. షెల్టర్లవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. అందరికీ అచ్చం అలాగే జరగదు గానీ, అసలు గుణం నెమ్మదిగానే బయటపడుతుంది కాబట్టి మీరు చూస్తున్నది మామూలే.

తోకభాష
మీరు ఒక్క సమస్య అనుకుంటున్నారు, నాకు మూడు కనబడుతున్నాయి. గుమ్మం దగ్గరిది కాపలా మొరుగుడు. నడకలోది భయమో, దగ్గరికి వెళ్లలేక ఉక్రోషమో. ఒంటరిగా ఉన్నప్పటిది దిగులు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే వికటిస్తుంది.

మూడు రోజులు ఏమీ మార్చకుండా ఒక కాగితం మీద రాయండి: ఎన్ని గంటలకు, దేన్ని చూసి లేక ఏం విని, ఎంతసేపు, ఏం జరిగితే ఆగింది. ఆ చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. అలాగే ఫోన్‌లో వీడియో తీసి ఒళ్లు చూడండి. బరువు వెనక కాళ్ల మీద ఉండి, చెవులు వెనక్కి వాలి, తోక దిగి ఉంటే భయం. ముందుకు ఒంగి, సన్నగా కుయ్‌మంటూ, లీష్ లాగుతూ ఉంటే ఉక్రోషం. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం రెండింటిలోనూ ఉంటుంది, అదొక్కటే చూసి తేల్చేయకండి.

పేషెంట్_పావ్స్
ఇంకా ముందు పశువైద్యుడికి ఒకసారి చూపించండి. చెవిలో ఇన్‌ఫెక్షన్, పంటి నొప్పి, కీళ్ల నొప్పి, తగ్గని దురద, ఇవి ఉన్న కుక్క చిన్న చప్పుడుకే భగ్గుమంటుంది. నొప్పి ఉండగా ఎంత ట్రైనింగ్ ఇచ్చినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

చిట్టి_ఇల్లు
వైద్యుడికి చూపించాం. ఎడమ చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు, చుక్కల మందు మొదలైంది. అసలు అనుకోలేదు, @పేషెంట్_పావ్స్ గారికి చాలా థ్యాంక్స్.

మూడు రోజుల కాగితం: మెట్ల చప్పుడుకి రోజుకి 10 నుంచి 14 సార్లు, అడుగులు దూరమవగానే ఆగుతుంది. బెల్‌కి రోజుకి 3, 4 సార్లు, మనిషి లోపలికొచ్చి కూర్చున్నా ఆరేడు నిమిషాలు ఆగదు. నడకలో తోక దించి వెనక్కి తగ్గుతూ మొరుగుతుంది. ఒంటరిగా వదిలి వీడియో పెడితే రెండో నిమిషంలో తలుపు గీకడం, నాలుగో నిమిషంలో ఊళ. పెట్టి వెళ్లిన ట్రీట్ ముట్టలేదు, మేం రాగానే తింది.

తోకభాష
ఎంత బాగా రాశారో! మెట్లదే చూడండి. అది మొరుగుతుంది, అడుగులు దూరమవుతాయి. వాళ్లు తమ ఇంటికి తాము పోతున్నారని దానికేం తెలుసు, తనే తరిమేశాననుకుంటుంది. రోజుకి పద్నాలుగుసార్లు గెలుస్తున్న ఆట అది. ముందు ఆ గెలుపులు తగ్గాలి. దాని పడకని వీధి తలుపుకి దూరంగా లోపలి గదిలోకి మార్చండి. తలుపు కింద సందు మూసేయండి. మెట్ల మీద రద్దీ ఉండే వేళల్లో ఫ్యానో, మంద్రంగా ఒకే తీరున సాగే ఏదైనా శబ్దమో నడవనివ్వండి. కిటికీలోంచి చూసి మొరిగే కుక్కలైతే దాని తలెత్తు వరకు అద్దానికి మసక కాగితం అంటిస్తారు. ఇది ట్రైనింగ్ కాదు, కానీ ఇది చేయకుండా ట్రైనింగ్ నిలబడదు.

మ్యాట్‌మాస్టర్
బెల్ సంగతి నేను చెప్తా, కాస్త పొడుగు.

ఈ పని నడిచినన్నాళ్లూ అసలు బెల్ తీగ ఊడదీసేయండి. తలుపు మీద "బెల్ కొట్టకండి, ఫోన్ చేయండి" అని రాసి పెట్టండి.

మొదటి మూడు రోజులు బెల్ ఊసే వద్దు. ఒక మ్యాట్ పరవండి, తలుపు కనబడేలా, కానీ కనీసం మూడు నాలుగు మీటర్ల దూరంలో. కాలు పెట్టగానే ఒక ముక్క, ముందు కాళ్ల మధ్య మ్యాట్ మీదే పెట్టాలి. చేతిలోంచి పైన అందిస్తే తల ఎత్తి నిలబడే ఉంటుంది, కింద పెడితే తనంతట తనే కూర్చుంటుంది, పడుకుంటుంది. ముక్క శెనగగింజలో సగం, మెత్తనిది, గుటుక్కున మింగేది. ఉప్పు వేయకుండా ఉడికించిన కోడిమాంసం చాలు, ఎముక లేకుండా. ఒక్కో విడతకి 10 ముక్కలు, మూడు నిమిషాలు, రోజుకి నాలుగు విడతలు. రోజు మొత్తం ట్రీట్లు తిండిలో పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి.

తర్వాత మీ బెల్ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి అతి తక్కువ వాల్యూమ్‌లో వినిపించండి. చెవి కదలాలి, నోరు కదలకూడదు. చప్పుడు, ఒక సెకను, తర్వాత మ్యాట్ మీద నాలుగు ముక్కలు ఒకదాని వెనక ఒకటి. విడతకి ఎనిమిది సార్లు. రెండు విడతలు ప్రశాంతంగా గడిస్తేనే ఒక మెట్టు పెంచండి. మొరిగిందా, తప్పు దానిది కాదు, వాల్యూమ్‌ది. రెండు మెట్లు దిగండి.

ఆ తర్వాతే అసలు బెల్. ఇంట్లోవాళ్లే నొక్కాలి, ఎవరూ లోపలికి రాకూడదు. అది కుదిరాక గడియ చప్పుడు, ఆపైన తలుపు నాలుగు వేళ్ల సందు, ఆపైన గుమ్మంలో మనిషి, చివరికి లోపలికి రావడం. చాలామంది దెబ్బతినేది ఈ చివరి మెట్లు ఒక్కరోజులో ఎక్కేయాలని చూసి.

రాత్రిడ్యూటీ
ఇంత తతంగం దేనికి? మొరిగితే పట్టించుకోకుండా వదిలేయండి, అదే మానుతుంది. ట్రీట్ ఇస్తే మొరిగినందుకు ఇస్తున్నారనుకుంటుంది.

నిదానంగా
@రాత్రిడ్యూటీ పట్టించుకోకపోవడం పనిచేసేది ఒక్క రకానికే: మీ మొహంలోకి చూస్తూ "బంతి వెయ్యి, అన్నం పెట్టు" అని అడిగే మొరుగుడుకి. అక్కడైనా మానేముందు ఒకసారి విపరీతంగా పెంచుతుంది, ఇన్నాళ్లూ పనిచేసిన మీట ఎందుకు పనిచేయట్లేదని ఇంకా గట్టిగా నొక్కినట్టు. సరిగ్గా అప్పుడే విసిగిపోయి బంతి వేస్తే ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు మొరిగితేనే పని అవుతుందని నేర్పినట్టే. ఈ కుక్క ఇంట్లోవాళ్ల కోసం మొరగట్లేదు, బయటివాళ్లని పొమ్మంటోంది. దాన్ని మీరు పట్టించుకోకపోతే ఒరిగేదేమీ లేదు.

రాత్రిడ్యూటీ
సరే, ఆ తేడా ఒప్పుకుంటా. కానీ ట్రీట్ మాట? మొరిగి, వెనక్కి తిరిగి చూసి, ట్రీట్ కోసం వచ్చే కుక్కలు ఉన్నాయిగా.

మ్యాట్‌మాస్టర్
ఉన్నాయి, ఆ మాట నిజం. రెండుసార్లు మొరిగి వెంటనే వచ్చి చేతుల వంక చూస్తుంటే మొరుగుడు కూడా ఆటలో భాగమైపోయిందని గుర్తు. దానికి విరుగుడు: బెల్ మోగిన మరుక్షణం, నోరు తెరవకముందే ఇవ్వడం. ఆలస్యమై మొరిగేస్తే, మౌనం రెండు సెకన్లు దాటాక ఇవ్వడం, తర్వాత అయిదు, పది. భయం మాత్రం ట్రీట్ ఇచ్చినందువల్ల పెరగదు. వణుకుతున్నవాడికి దుప్పటి కప్పితే వణుకు పెరుగుతుందా?

చెవులు_నిక్కి
"చాలు" అనే మాట కూడా నేర్పండి, పనికొస్తుంది. రెండు మూడు మొరుగులయ్యాక, మామూలు గొంతుతో, ఒక్కసారే "చాలు". వెంటనే ముక్క ముక్కు దగ్గర పెట్టండి. వాసన చూడ్డానికి నోరు మూస్తుంది. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టి ఇచ్చేయండి. పదిహేనుసార్లయ్యాక ముక్క చూపించకుండా మాట మాత్రమే. సెకన్లు పెంచేటప్పుడు 2, 3, 5, 2, 8, 3 అని మధ్యలో తేలికవి కలపాలి. ఎప్పుడూ కష్టమే పెరుగుతుంటే వదిలేసి పోతుంది. అయిదుసార్లు వరసగా "చాలు చాలు చాలు" అంటే మాత్రం ఆ మాట గాలికి పోయినట్టే. ముందు తేలిక చప్పుళ్ల మీద నేర్పండి, భయంతో ఊగిపోతున్నప్పుడు కాదు.

మైదానం
నడక గురించి. తోక దించి వెనక్కి తగ్గుతోందన్నారు, అంటే భయమే. ఇక్కడ మందు దూరం. ఇంకో కుక్కని చూసి కూడా మీ చేతిలో ముక్క మామూలుగా తినగలిగే దూరం ఎంతో కనిపెట్టండి. ముప్పై మీటర్లైతే ముప్పై. చేతివేళ్లు కొరికేలా లాక్కుంటే హద్దు దగ్గరికి వచ్చారు, ముక్కని మూతి పక్కకి తోసేస్తే హద్దు దాటేశారు. ఆ స్థితిలో ఏదీ తలకెక్కదు, బయటికి తీసుకురావడమే పని.

ఆ దూరంలో, కుక్క కనబడగానే ముక్క, కనుమరుగవగానే ముక్కలు బంద్. కొన్నాళ్లకి కుక్కని చూసి తనే మీ వైపు తిరుగుతుంది. మెడ మెత్తబడి, చెవులు వదులై, "చూశాను, ఏదీ?" అన్నట్టు చూసే ఆ చూపు కోసమే ఇదంతా. మూడు నడకలు అలా గడిచాకే అయిదు మీటర్లు దగ్గరికి.

మలుపులో కుక్క హఠాత్తుగా ఎదురైతే "పద" అని చెప్పి వెనక్కి తిరిగి నడిచేయాలి. ఇది ఇంట్లో, వరండాలో ముందే ఇరవై ముప్పైసార్లు ఆటలా చేయించి ఉండాలి, వీధిలో మొదటిసారి కాదు. ఆగి ఉన్న బండి వెనక్కి వెళ్లి చూపు మరుగు చేయడం కూడా మంచి ఉపాయమే.

గొలుసెందుకు
@మైదానం చెప్పినదానికి సామాన్లు కలుపుతా. ఛాతీ మీద ఇంగ్లీషు వై ఆకారంలో ఉండే హార్నెస్, రెండు మీటర్ల మామూలు లీష్. సాగి చుట్టుకునే లీష్ వద్దు: దూరం మన అదుపులో ఉండదు, పిడి చేజారితే వెనకే డమడమలాడుతూ వచ్చి కుక్కని ఇంకా తరుముతుంది. కొత్తగా తెచ్చుకున్న కుక్క బెదిరితే వెనక్కి నడుస్తూ హార్నెస్‌లోంచి జారిపోతుంది, అందుకే మొదటి నెలల్లో హార్నెస్‌కీ కాలర్‌కీ రెండింటికీ కొక్కెం ఉండాలి. ఖాళీ స్థలంలో వాసన చూడనివ్వడానికి అయిదు నుంచి పది మీటర్ల పొడుగు తాడు మంచిదే, కానీ హార్నెస్‌కే కట్టండి. పరిగెత్తి తాడు చివర హఠాత్తుగా ఆగితే మెడకి దెబ్బ. ఇంకో కుక్క కనబడగానే మన చెయ్యి తెలియకుండానే లీష్ బిగిస్తుంది, అది దానికి ప్రమాద ఘంట. లీష్ కింద వంపు తిరిగి వేలాడుతుండాలి.

కొత్తసభ్యుడు_7
మొరిగే కుక్క కరవదంటారుగా, ఇంత భయం దేనికి?

తోకభాష
@కొత్తసభ్యుడు_7 ఆ సామెత మనుషుల గురించి, కుక్కల విషయంలో నమ్మి చెయ్యి పెట్టకండి. భయంతో మొరిగే కుక్కని మూలకి నెడితే కరుస్తుంది. నోరు బిగించి కదలకుండా నిలబడటం, కళ్ల తెల్లగుడ్డు అంచున కనబడటం, తిండి లేకుండానే మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, ఇవి కనబడితే అతిథిని దూరంగా కూర్చోబెట్టండి. తోక ఊపుతోంది కదా అనీ వెళ్లకండి, బిగుసుకుని పైకి లేచి చిన్నగా ఊగే తోక స్నేహం కాదు. అవసరమైతే మూతికి తొడిగే బుట్టలాంటి మజిల్ అలవాటు చేయొచ్చు, నోరు తెరిచి రొప్పడానికీ ట్రీట్ తినడానికీ వీలుండేది. ఒక్క రోజులో తగిలించేయకుండా, లోపల ముక్కలు పెట్టి మూతి తనే పెట్టేలా వారం పదిరోజులు.

దిగులు_తలుపు
ఒంటరితనం గురించి ఎవరూ రాయలేదు, అదే అన్నిటికంటే కష్టమైనది. నాలుగో నిమిషంలో ఊళ, ముట్టని ట్రీట్: ఇది అల్లరి కాదు, ప్రాణభయం లాంటిది. బోనులో పెట్టి వెళ్లకండి. ఇలాంటి కుక్కలు కమ్మీలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటాయి, గోళ్లు ఊడగొట్టుకుంటాయి. తోడుగా ఇంకో కుక్కని తెచ్చినా సాధారణంగా తీరదు, దానికి కావాల్సింది మీరు.

పద్ధతి ఇది. తాళాలు తీసుకుని మళ్లీ కూర్చోండి. చెప్పులు వేసుకుని వంటింట్లోకి వెళ్లండి. రోజుకి పది పదిహేనుసార్లు ఇలా చేస్తే తాళాల గలగల అంటే వెళ్లిపోవడమనే అర్థం అరిగిపోతుంది. తర్వాత తలుపు తీసి వేయడం, ఇంకా లోపలే ఉండి. ఆ తర్వాత బయట ఒక సెకను. 3, 2, 5, 4, 8, 3, 12. ఇక్కడా ఎప్పుడూ పైకే పోకూడదు. మధ్య మధ్య ఒక నిమిషం విరామం, మొత్తం ఇరవై నిమిషాలు, వారానికి అయిదు రోజులు. కెమెరా లేకుండా చేయకండి: లేచి తలుపు దగ్గరికి రావడం, రొప్పడం, అటూ ఇటూ తిరగడం కనబడితే మొరగకముందే లోపలికి రావాలి.

అన్నిటికంటే కష్టమైన నియమం: ఈ పని నడిచినంతకాలం అది ఓర్చుకోగలిగిన సేపు మించి ఒంటరిగా వదలకూడదు. బంధువులు, పక్కింటివాళ్లు, రోజంతా చూసుకునే చోట్లు, ఎలాగోలా సర్దుకోవాలి. వారమంతా సెకన్లు పెంచి శనివారం మూడు గంటలు వదిలి వెళ్తే మళ్లీ మొదటికొస్తుంది. సాధారణంగా మొదటి అరగంటే కొండ, అది దాటాక త్వరగా పెరుగుతుంది.

పేషెంట్_పావ్స్
@దిగులు_తలుపు చెప్పిన స్థాయిలో ఉంటే మందు గురించి పశువైద్యుడితో మాట్లాడటానికి మొహమాటపడొద్దు. క్లోమిప్రమీన్, ఫ్లుఆక్సెటీన్ ఈ సమస్యకి వాడేవే. అమెరికాలో కుక్కల కోసం మొదటిదానికి 1998లో, రెండోదానికి 2007లో అనుమతి వచ్చింది. పని కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి వారం చూసి పనిచేయలేదని మానేయకండి. మందు ఒక్కటే సరిపోదు, నేర్చుకునే స్థితికి తెస్తుందంతే. మనుషుల బిళ్లలు ఇంట్లో ఉన్నాయని మీరే విరిచి ఇవ్వకండి, మోతాదు వైద్యుడే చెప్పాలి.

కుదురు
నిద్ర లెక్క చూశారా? పెద్ద కుక్కకి రోజుకి 12 నుంచి 14 గంటలు కావాలి. మెట్ల చప్పుడుకి రోజంతా లేస్తుంటే అది ఎప్పుడూ నిద్రలేమితోనే ఉన్నట్టు. రోజూ ఒక పూట తిండి గిన్నెలో కాకుండా గడ్డిలో చల్లండి, లేదా పాత తువ్వాలులో వేసి చుట్టండి. ముక్కుతో వెతికే పది నిమిషాలు దాన్ని బాగా కుదుట పరుస్తాయి. బంతి విసురుతూ గంటసేపు పరిగెత్తిస్తే అలిసి పడుకుంటుందనుకుంటారు, చాలా కుక్కలు ఇంకా రెచ్చిపోతాయి. కుక్క నాకడానికి పెట్టే మ్యాట్ మీద పల్లీ వెన్న పూస్తే సీసా మీద చదవండి: జైలిటాల్ (చక్కెర బదులు కలిపే తీపి పదార్థం) ఉంటే అది కుక్కలకి విషం.

చిట్టి_ఇల్లు
మూడు వారాల అప్‌డేట్. చెవి నయమైంది. పడక మార్చాక మెట్ల మొరుగుడు రోజుకి మూడుకి దిగింది. నడకలో ముప్పై నుంచి ఇరవై మీటర్లకి వచ్చాం. ఒంటరిగా 50 సెకన్లు, పడుకునే ఉంటోంది! బెల్ దగ్గరే చిక్కు. ఫోన్‌లో సగం వాల్యూమ్ దాకా బాగా వచ్చింది, ఇప్పుడు ట్రీట్ సంచీ చూడగానే బిగుసుకుని తలుపు వైపు మొరుగుతోంది. చప్పుడు రాకముందే! ఎక్కడ తప్పాం?

మ్యాట్‌మాస్టర్
చప్పుడు పెట్టేముందు సంచీలో చెయ్యి పెడుతున్నారా?

చిట్టి_ఇల్లు
అవును, ముక్కలు చేతిలో రెడీగా ఉండాలని.

మ్యాట్‌మాస్టర్
అదే. సంచీ గరగర, ఆ వెనక బెల్, ఆ వెనక ముక్క. ఇప్పుడు సంచీ గరగరే "బెల్ వస్తోంది" అని చెబుతోంది. వరస తిరగబడితే తిండే భయానికి సూచన అవుతుంది. ముక్కలు మ్యాట్ పక్కన మూత లేని గిన్నెలో పది నిమిషాల ముందే పెట్టేయండి, మీ చేతులు ఖాళీగా ఒళ్లో ఉండాలి. చప్పుడు ముందు, చెయ్యి కదలడం తర్వాత. రోజులో వేరే వేళల్లో ఏ బెల్లూ లేకుండా ఊరికే సంచీ తెరిచి ముక్క ఇవ్వండి, ఆ గరగరకి పాత అర్థం పోవాలి. వాల్యూమ్ మళ్లీ అట్టడుగు నుంచి. ఈసారి త్వరగానే ఎక్కుతుంది.

కుదురు
@చిట్టి_ఇల్లు ఇంట్లో అతిథులు వచ్చిన రోజో, స్నానం చేయించిన రోజో బెల్ పని పెట్టుకోకండి. ఒక్కోటీ ఓర్చుకోగలదు, మూడూ కలిస్తే అదే చప్పుడుకి అదే కుక్క పేలిపోతుంది. అలాంటి రోజు నడక కూడా చిన్నది చేసి వాసనల ఆట పెట్టండి చాలు.

రాత్రిడ్యూటీ
పక్కింటివాళ్లకి కూడా ఈ అంకెలు చెప్పండి. పద్నాలుగు నుంచి మూడుకి వచ్చిందంటే ఏదో జరుగుతోందని వాళ్లకీ ఓపిక వస్తుంది. ఏ గంటల్లో ఎక్కువ వినబడుతోందో వాళ్లనే అడిగితే కెమెరాకి దొరకనిది కూడా తెలుస్తుంది.

చిట్టి_ఇల్లు
గిన్నె పద్ధతి నాలుగు రోజులు చేశాం. నిన్న మూడో మెట్టు వాల్యూమ్‌లో చప్పుడు రాగానే తలుపు వైపు కాకుండా గిన్నె వైపు తిరిగి, గడ్డం మ్యాట్ మీద ఆన్చి పడుకుంది. వీడియో పదిసార్లు చూశాం. ఇక ట్రీట్లు ఎప్పుడు తగ్గించాలి?

మ్యాట్‌మాస్టర్
గడ్డం ఆన్చిందంటే అది నిజమైన సడలింపే, చాలా బాగుంది. తగ్గించడానికి ఇంకా టైముంది. అసలు బెల్, అసలు మనిషి దాకా వచ్చి ఒక నెల నిలబడ్డాక "చాలు"కి, మ్యాట్‌కి రెండు మూడుసార్లకొకటి చొప్పున ఇవ్వొచ్చు. బెల్‌కి మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి ఇస్తూనే ఉండండి, ఒక్క ముక్కైనా సరే. ఇంకో మాట, బెల్ తీగ ఇప్పుడే కలపొద్దు. తలుపు మీద కాగితం చిరిగిపోయి ఉంటుంది, కొత్తది అంటించండి.